రెండు రాష్ట్రాల నడుమ జారిపోయిన ఆటగాడు

2023 మార్చి 23న దేశ రాజకీయాల దృష్టి అంతా సూరత్ న్యాయస్థానం మీద ఉంది. పరువునష్టం కేసులో రాహుల్ గాంధీకి రెండేళ్ల జైలుశిక్ష పడింది. మర్నాడే ఆయన లోక్‌సభ సభ్యత్వం రద్దయింది. రాజకీయ వార్తలు రాసేవాళ్లకు ఆ వారమంతా మరో లోకం లేదు. దానికి సరిగ్గా ఐదు వారాల ముందు, ఫిబ్రవరి 16న, కోల్‌కతాలో తులసీదాస్ బలరామ్ కన్నుమూశారు. వయసు 86. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టి, రెండు ఒలింపిక్స్‌లోనూ రెండు ఆసియా క్రీడల్లోనూ భారత్ తరఫున ఆడి, జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులో ముందువరుసన నిలిచిన మనిషి. ఆ మరణవార్తకు దక్కవలసిన చోటు మన పత్రికల్లో దక్కలేదు. నేను కూడా ఆ రోజు ఒక్క వాక్యం రాయలేదు.

సూరత్ అనగానే తెలుగువాడికి కోర్టు కంటే ముందు లింబాయత్ గుర్తుకు రావాలి. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీలు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. చేతిలో పనితనం ఒక ఊరిది, కూలి మరో ఊరిది. అలాంటి మనిషిని ఏ ఊరు తనవాడిగా లెక్కవేసుకోవాలి? ఓట్ల జాబితా ఒక జవాబు చెబుతుంది, సొంత ఊరు మరో జవాబు చెబుతుంది. ఒక్కోసారి రెండూ మౌనంగా ఉండిపోతాయి. బలరామ్ జీవితం ఆ మూడో స్థితిలో గడిచిపోయింది.

ప్రతిభ ఉండీ పూర్తిగా పండని ఆటగాళ్ల కథలు లోకంలో చాలానే ఉన్నాయి. జార్జ్ బెస్ట్ 27 ఏళ్ల వయసులో మాంచెస్టర్ యునైటెడ్‌ను వదిలి వెళ్లిపోయాడు. బ్రెజిల్‌కు రెండు ప్రపంచకప్‌లు అందించిన గారించా 49 ఏళ్లకే మరణించాడు. ఆ ఇద్దరి కథల్లోనూ మద్యం ఉంది, అందుకే చెప్పేవాడికి ఆ కథలు సులువు. తప్పంతా ఆటగాడి మీదికి నెట్టి, ఆపైన రెండు కన్నీటి బొట్లు రాలిస్తే సరిపోతుంది. బలరామ్ ఆట కూడా ఇంచుమించు బెస్ట్ వయసులోనే, 1963లో ఆగిపోయింది. కాకపోతే ఇక్కడ సీసా లేదు. ఊపిరితిత్తుల జబ్బు ఉంది. అంతకు మించి, ఆట ఆగాక మిగిలిన ఆరు దశాబ్దాలను ఏం చేసుకోవాలో చెప్పే నాథుడు లేకపోవడం ఉంది. మనసులో పేరుకున్న చేదు ఉంది. ఆ చేదును ఆయన దాచుకోలేదు.

ఆయన పుట్టింది 1936లో. అమ్ముగూడ కంటోన్మెంటు ఊరు. బ్రిటిష్ పటాలాలు సికింద్రాబాద్‌లో వదిలి వెళ్లినవాటిలో ఫుట్‌బాల్ ఒకటి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం ముగిసింది. సంస్థానంలో కొలువులు తలకిందులయ్యాయి. ఆ తర్వాత రెండేళ్లకే హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఉత్తరాదికి వెళ్లి 1950లో డ్యూరాండ్ కప్‌ను మోహన్ బగాన్ చేతుల్లోంచి లాక్కొచ్చింది. అదే ఏడాది మొదలుపెట్టి వరసగా ఐదేళ్లు, 1954 దాకా, బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. దీని వెనక ఉన్నవాడు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. రాజకీయ చరిత్రకారులు ఆ ఐదేళ్లను ముల్కీ వివాదంతో, సాయుధ పోరాటంతో, బూర్గుల మంత్రివర్గంతో నింపుతారు. అదే కాలంలో ఓడిపోయిన రాజధాని ఒకటి దేశం ముందు తలెత్తుకు నిలబడిన చోటు ఫుట్‌బాల్ మైదానమని ఎవరూ రాయరు.

బలరామ్ మొదట సైనిక జట్టుకు, తర్వాత రైడర్స్ క్లబ్‌కు ఆడారు. అక్కడ రహీం కన్ను పడింది. సంతోష్ ట్రోఫీ శిబిరానికి రమ్మంటే, సికింద్రాబాద్ నుంచి రోజూ రావడానికి దారిఖర్చులు లేవని ఆ కుర్రవాడు చెప్పాడనీ, రహీం సైకిలు ఏర్పాటు చేశారనీ అంటారు. మన క్రీడా వ్యవస్థ అప్పటికీ ఇప్పటికీ ఇలాంటి సైకిళ్ల మీదే నడుస్తోంది. ఒక మంచి మనిషి ఎదురుపడితే ఆటగాడు పుడతాడు, పడకపోతే ఆ కుర్రవాడు ఏ వర్క్‌షాపులోనో ఫిట్టరు అవుతాడు.

ఇక్కడ ఒక తేదీని గమనించాలి. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం భారత పటం మీంచి మాయమైంది. తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, కన్నడ జిల్లాలు మైసూరులోకి వెళ్లాయి. మూడు వారాల తర్వాత, నవంబరు 22న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. రహీం తీసుకెళ్లిన జట్టులో బలరామ్, అహ్మద్ హుస్సేన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అజీజుద్దీన్ వంటి హైదరాబాదీలు ఉన్నారు. వాళ్లు విమానం ఎక్కేనాటికి వాళ్ల రాష్ట్రం లేదు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో భారత్ 4-2తో ఆతిథ్య ఆస్ట్రేలియాను ఓడించింది. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్య పోరులో బల్గేరియా చేతిలో 0-3తో ఓడింది. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఈ దేశం అంతకు మించి ఎన్నడూ వెళ్లలేదు. లేని రాష్ట్రం పేరుతోనే హైదరాబాద్ జట్టు 1956-57లో, మళ్లీ 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. పునర్వ్యవస్థీకరణ రద్దు చేసింది రాష్ట్రాన్నే, జట్టును కాదు కదా!

1957లో బలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ఇది వలస. పైకి మాత్రం అది ఔత్సాహిక క్రీడ. ఉద్యోగం ఒకచోట, ఆట ఒకచోట, డబ్బు మాట ఎక్కడా బయటికి రాని ఏర్పాటు. అయినా ప్రేక్షకులు అక్కడ ఉన్నారు, పత్రికలు అక్కడ ఉన్నాయి, క్లబ్బుల మధ్య దేశవిభజన గాయాలంత లోతైన పోటీ అక్కడ ఉంది. ఈస్ట్ బెంగాల్ అభిమానుల్లో అత్యధికులు తూర్పు పాకిస్తాన్ నుంచి సర్వం వదిలి వచ్చినవారు. ఊరు పోగొట్టుకున్నవాళ్ల క్లబ్‌కు, రాష్ట్రం పోగొట్టుకున్నవాడు ఆటగాడయ్యాడు. ఆ జట్టుకు ఆయన నూరుకు పైగా గోల్స్ చేశారు. 1961లో నాయకత్వం వహించి లీగ్ టైటిల్ అందించారు. ఆ సీజన్‌లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ ఆయనవే.

చుని గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్: భారత ఫుట్‌బాల్‌లో ఆ మూడు పేర్లు ఒక్క ఊపిరిలో పలికేవారు. అయితే ముగ్గురిలో సర్దుకుపోవలసి వచ్చింది ఎక్కువగా బలరామే. చుని తనకు నప్పిన చోట ఆడితే బలరామ్ ఎడమ అంచుకు జరిగేవారు. అవసరమైతే వెనక్కి తగ్గి మధ్యవరుసకు, ముందువరుసకు నడుమ వారధిగా నిలిచేవారు. ఎక్కడ నిలబెట్టినా ఆడగలవాడికి తనదంటూ ఒక చోటు దక్కదు. రాజకీయాల్లోనూ ఇంతే. ప్రతి సంక్షోభంలోనూ అక్కరకొచ్చే నాయకుడిని ముఖ్యమంత్రి పదవికి ఎవరూ తలచుకోరు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన ఏమిటో లోకం చూసింది. ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడుతున్న హంగరీ మీద భారత్ 1-2తో ఓడింది. ఆ ఒక్క గోలు బలరామ్‌ది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూ మీద 1-3తో ఓటమి. మళ్లీ ఆ ఒక్కటీ బలరామ్‌దే. హంగరీ ఆ క్రీడల్లో కాంస్యం గెలిచింది, ఆల్బర్ట్ తర్వాత ఐరోపా మేటి ఆటగాడయ్యాడు. ఆ జట్టును వణికించిన భారత జట్టు మాత్రం మళ్లీ ఒలింపిక్స్ ముఖం చూడలేదు. ఈ 60 ఏళ్లకు పైగా కాలంలో ఒక్కసారి కూడా.

ఆపైన 1962 జకార్తా. ఇది క్రీడా చరిత్ర ఎంతో విదేశాంగ చరిత్రా అంతే. సుకర్ణో ప్రభుత్వం ఇజ్రాయెల్‌కూ తైవాన్‌కూ వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో భారత సభ్యుడు జి.డి. సోంధీ పట్టుబట్టారు. బాండుంగ్‌లో నెహ్రూ, సుకర్ణో భుజాలు కలిపి నిలబడి అప్పటికి ఏడేళ్లే. సెప్టెంబరు 3న జకార్తాలో మూక భారత రాయబార కార్యాలయం మీద పడింది. మర్నాడే దక్షిణ కొరియాతో ఫైనల్. స్టేడియం నిండా జనం, మన జాతీయ గీతం వినపడనంత హేళన. ఆ అరుపుల మధ్య భారత్‌ను ప్రోత్సహించినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. గ్రూపు దశలో 0-2తో ఓడించిన కొరియానే భారత్ 2-1తో గెలిచింది. గోల్స్ పీకే, జర్నైల్ సింగ్‌లవి. ఫైనల్ దాకా తెచ్చిన మెట్లలో జపాన్ మీద విజయం ఒకటి. అందులో ఒక గోలు బలరామ్‌ది. గెలిచిన జట్టు తిరిగొచ్చిన ఆరేడు వారాలకే చైనా యుద్ధం వచ్చింది. దేశానికి ఫుట్‌బాల్ గుర్తుండే తీరిక లేకపోయింది.

అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన పోయారు. అదే ఏడాది బలరామ్ బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారారు, అదే ఏడాది ఊపిరితిత్తులు మొరాయించాయి. 1962లో అర్జున అవార్డు అందుకున్న ఆటగాడికి మరుసటి ఏడాదికే ఆట లేదు. చుని ఆ తర్వాత బెంగాల్ క్రికెట్ జట్టుకు కెప్టెన్ అయి రంజీ ఫైనల్ దాకా నడిపించారు. పీకే దేశం ఎరిగిన కోచ్ అయ్యారు. బలరామ్ రైల్వే ఉద్యోగంలో మిగిలారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జబ్బు కాదు, ఆ తర్వాతి కాలం. ఫుట్‌బాల్ నుంచి పద్మశ్రీలు చూడండి: 1962లో గోష్ఠ పాల్, 1971లో శైలేన్ మన్నా, 1983లో చుని గోస్వామి, 1990లో పీకే బెనర్జీ. నలుగురూ అర్హులే, నలుగురూ బెంగాల్‌వారే. పద్మ పురస్కారాలకు పేర్లు పంపడంలో రాష్ట్ర ప్రభుత్వాల మాటకు బరువు ఎక్కువ. కోల్‌కతాకు బలరామ్ హైదరాబాద్ నుంచి వచ్చినవాడు. హైదరాబాద్‌కు కోల్‌కతా వెళ్లిపోయినవాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ని ప్రభుత్వాలు మారినా, తెలంగాణ ఏర్పడినా, మనవాడన్న పట్టుదలతో ఢిల్లీలో ఆయన కోసం గట్టిగా నిలబడినవారు కనబడరు. తెలంగాణ ఉద్యమం మరుగునపడ్డ పేర్లను వెలికితీసిందని మనం గర్వంగా రాసుకుంటాం. ఆ వెలికితీతలో రహీంకూ ఆయన శిష్యులకూ దక్కింది చాలా తక్కువ. రహీంకు సైతం పద్మ పురస్కారం లేదు. ఆయన మీద హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చింది 2024లో.

ఇదంతా చెప్పి బలరామ్‌ను అమాయక బాధితుడిగా చూపితే అదీ అబద్ధమే అవుతుంది. ఆయన మొండివాడు. పద్మశ్రీ రాలేదన్న బాధను బహిరంగంగా, పదేపదే చెప్పుకున్నారు. తాను నూరు గోల్స్ చేసిన క్లబ్‌కు చివరి దశలో దూరంగా ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఒంటరిగా బతికారు. క్రీడా సంఘాల్లో పెద్దమనిషి కావడానికి కావలసిన విద్య, అంటే ఎవరి గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడాలో తెలిసిన విద్య, ఆయనకు అబ్బలేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను 1988 నుంచి 2008 దాకా ప్రియరంజన్ దాస్‌మున్షీ, ఆ తర్వాత 2022 దాకా ప్రఫుల్ పటేల్ నడిపారు: ఒకరు కాంగ్రెస్, మరొకరు ఎన్సీపీ, ఇద్దరూ కేంద్ర మంత్రులుగా చేసినవారే. పటేల్ గద్దె దిగడానికి సుప్రీంకోర్టు జోక్యం కావలసి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఫిఫా భారత్‌ను కొద్దిరోజులు నిషేధించింది. తర్వాత వచ్చిన కల్యాణ్ చౌబే ఒకప్పటి గోల్‌కీపరే, బీజేపీ నాయకుడు కూడా. అలాంటి దర్బారులో ఉత్తరపాడా వృద్ధుడికి కుర్చీ ఎవరు వేస్తారు?

పద్మ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. సాధారణంగా మరణానంతరం ఈ పురస్కారాలు ఇవ్వరు. విశేష అర్హత ఉన్నప్పుడు మాత్రం, గణతంత్ర దినానికి ముందు ఏడాది లోపల మరణించినవారి పేరును పరిశీలించవచ్చు. బలరామ్ 2023 ఫిబ్రవరి 16న మరణించారు. 2024 జనవరి 26కు ఆ గడువు ఇంకా మూడు వారాలు మిగిలే ఉంది. అప్పటికి తెలంగాణలో ప్రభుత్వం కూడా మారింది. జనవరి 25 రాత్రి ఢిల్లీ విడుదల చేసిన జాబితాలో ఆయన పేరు లేదు.