నైజాము రాష్ట్రమున చదువులపై సర్కారు అదుపు

చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములలో నేడు వీధివీధికి బడి గలదు. ప్రభుత్వ గుర్తింపు లేనిదే వానిలో ఏ బడియు నడువరాదు. ఈ అధికారము చదువును నిలుపనూ గలదు, అణపనూ గలదు. హైదరాబాదు చరిత్రమే ఇందులకు సాక్ష్యము.

నైజాము ఏలుబడిలో 1880 దశకమున పారసీకమునకు మారుగా ఉర్దూ రాజభాష యయ్యెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముగా వెలసెను. దేశభాషలో ఉన్నత శాస్త్రములు బోధింపబూనుట ఆనాటికి ఘనకార్యమే. కాని ఆ భాష ప్రజలలో కొలదిమందికే మాతృభాష. రాజ్యమున ఇంచుమించు సగము మంది తెలుగువారు. అట్టివారి బిడ్డలు పై తరగతులకు పోవలెనన్న ఉర్దూయే శరణ్యమయ్యెను.

సర్కారు బడులు చాలనిచోట ప్రజలే బడులు పెట్టుకొనిరి. వీనిని ఖానగీ పాఠశాలలనెడివారు. 1920 దశకమున వీనికిని ముందుగా అనుమతి పొందవలెనను నిబంధన వచ్చెను. చందాలు పోగైనను, పంతులు దొరికినను, కాగితము రానిదే బడి తెరువ వీలులేకపోయెను.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘ సంస్కార సభకు మహర్షి కార్వే అధ్యక్షులు. అందు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున ప్రసంగింపగా కొందరు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు తెలుగు మాధ్యమమున ఆంధ్ర బాలికల పాఠశాలను స్థాపించిరి. ఉస్మానియా దానిని గుర్తింపలేదు. అంతట నిర్వాహకులు పూనాలో ఆ కార్వేగారే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయించిరి. హైదరాబాదు బాలికలు తమ భాషలో పరీక్ష వ్రాయుటకు పరరాష్ట్రపు గుర్తింపు కావలసివచ్చెను! 1930లో జోగిపేటతో ఆరంభమైన ఆంధ్ర మహాసభలు మాతృభాషా బోధనకై ఎలుగెత్తెను. బడి లేనిచోట 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములే తెలుగు చదువును కాపాడెను.

1948లో నైజాము పాలన అంతరించెను. 1982 నాటి విద్యా చట్టము ప్రైవేటు పాఠశాలల అనుమతికి, గుర్తింపునకు, పాఠ్యక్రమమునకు నియమము లేర్పరచెను. 2018లో తెలంగాణ శాసనసభ, ఏ బోర్డు బడియైనను పదవ తరగతివరకు తెలుగు బోధింపవలెనని చట్టము చేసెను. ఒకనాడు తెలుగు బడికి గుర్తింపు దొరకని నగరముననే నేడు తెలుగు చెప్పని బడి చట్టమునకు జవాబు చెప్పుకొనవలసివచ్చినది.

అయినను చట్టము పాఠమును పెట్టింపగలదు గాని ప్రీతిని పుట్టింపజాలదు. ఆనాటివారు ఆజ్ఞ లేకయే, అడ్డంకులను దాటి చదివిరి. సర్కారు అదుపు న్యాయముగా నడచుచున్నదో లేదో కనిపెట్టు బాధ్యతయు, ఇంట బిడ్డచేత పుస్తకము పట్టించు బాధ్యతయు ప్రజలవే. గ్రంథాలయము వర్ధిల్లిన ఊర ఈ రెండును సులభమగును.