కారు హీటరు కథ

పెట్రోలు కారులో హీటరుకు సొంత పొయ్యి లేదు. ఇంజను పారేసే వేడినే అది వాడుకుంటుంది. ఈ సంగతి తెలిస్తే హీటరు చరిత్ర అర్థమవుతుంది, చలికాలంలో అది మొరాయిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

నేను డెట్రాయిట్ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేశాను. డిసెంబరు వచ్చిందంటే, కొత్తగా ఇక్కడికి చేరిన మన పిల్లలు ఫోన్ చేస్తారు: "అంకుల్, హీటర్ ఫుల్లుగా పెట్టినా గాలి గోరువెచ్చగానే వస్తోంది." విజయవాడలోనో వరంగల్లోనో పెరిగినవాళ్లకు కారులో ఏసీతోనే పని. అందుకే రిపేరు కంటే ముందు వాళ్లకు పాత కథ చెబుతాను.

తొలినాటి కార్లలో చాలావాటికి పక్క అద్దాలే లేవు. జనం ఒళ్లో మందపాటి రగ్గులు కప్పుకుని, కాళ్ల కింద బొగ్గు ఇటుక రాజేసిన రేకు పెట్టె పెట్టుకునేవారు. 1920లలో నాలుగువైపులా మూసిన కార్లు పెరిగాక, లోపలి గాలిని వెచ్చబెట్టడం గిట్టుబాటైంది. ఫోర్డ్ మోడల్ ఎ కారుకు దొరికే హీటరు, పొగ బయటికెళ్లే మానిఫోల్డు చుట్టూ తొడిగిన రేకు తొడుగు. దాని మీదుగా వెళ్లి వేడెక్కిన గాలి లోపలికొచ్చేది. మానిఫోల్డు ఎక్కడైనా చిట్లితే ఆ గాలితోపాటు కార్బన్ మోనాక్సైడూ వచ్చేది. దానికి వాసన లేదు, ప్రాణం తీస్తుంది.

దీనికంటే మేలైన దారి వేడినీళ్లు. ఇంజనును చల్లబరిచే నీటిని కారు లోపలున్న చిన్న రేడియేటరులోకి మళ్లించి, వెనక ఫ్యాను పెట్టారు. 1938లో న్యాష్ కంపెనీ బయటి గాలిని వడకట్టి, వెచ్చజేసి లోపలికి పంపింది. మరుసటి ఏడాది థర్మోస్టాట్ చేర్చి 'వెదర్ ఐ' అని పేరు పెట్టింది. నేటి పెట్రోలు కార్ల హీటర్లకూ మూలసూత్రం అదే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో మాత్రం ఇంజనును చల్లబరచడానికి నీళ్లే లేవు. వెనకున్న ఇంజను నుంచి వేడిగాలి తలుపుల కింది గొట్టపు మార్గాల గుండా ముందుకు రావాలి. అవి తుప్పుపడితే వేడి దారిలోనే పోయేది.

ఇక పిల్లల ఫోన్లకు జవాబు. హైవే మీద టెంపరేచరు ముల్లు కిందికి దిగుతుంటే, ఇంజనును చల్లబరిచే నీటి దారిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి ఉంటుంది. ఇంజనే వేడెక్కనప్పుడు హీటరుకు వేడి ఎక్కడిది? ఆగినప్పుడు చల్లగా, యాక్సిలరేటర్ తొక్కితే వెచ్చగా వస్తుంటే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) తగ్గిందేమో, అందులో గాలి చిక్కుకుందేమో చూడాలి. హీటరుకు వెళ్లే రెండు గొట్టాల్లో ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే లోపలి చిన్న రేడియేటరు పూడుకుపోయి ఉండొచ్చు. రెండూ వేడిగా ఉన్నా గాలి చల్లగానే వస్తే, డాష్‌బోర్డు లోపల చల్లగాలినీ వేడిగాలినీ కలిపే తలుపు కదలడం లేదేమో. అద్దం మీద జిడ్డు ఆవిరి, తియ్యటి వాసన వస్తే లోపలి చిన్న రేడియేటరే కారుతోంది.

కూలెంట్ మాటిమాటికీ తగ్గుతుంటే నింపుకుంటూ నడపకండి, లీకు ఎక్కడో పట్టించండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకండి, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. మంచు పడకముందే, ఇంజను చల్లారాక ఒక్కసారి కూలెంట్ మట్టం చూసుకోండి.