చిమ్మెటల నమోదు: కోనసీమ పెరడు

రాత్రిపూట దీపానికి వచ్చే చిమ్మెటలను పట్టి, జాతి గుర్తించి, తేదీతో చోటుతో రాసుకుని, ప్రాణాలతో వదిలిపెట్టే అధ్యయన పద్ధతి ఇది. చిమ్మెటలు, సీతాకోకచిలుకలు ఒకే క్రమానికి చెందినవి. పేరు పెట్టిన జాతుల్లో సీతాకోకచిలుకలు పది శాతం చుట్టుపక్కల ఉంటాయి, తక్కినవన్నీ చిమ్మెటలే. ప్రపంచంలో రెండూ కలిపి లక్షన్నర జాతులు దాటాయి, భారతదేశంలో చిమ్మెటలే పదివేలకు పైగా ఉన్నాయి. గోదావరి డెల్టా రైతుకు చిమ్మెట అంటే ‘రెక్కల పురుగు’ లేదా ‘తల్లి పురుగు’. దాని పిల్ల గొంగళి, లద్దె పురుగు, దాసరి పురుగు వంటి పేర్లతో చేలో తిరుగుతుంది.

డెల్టాలో చిమ్మెటలను లెక్కపెట్టడం కొత్త కాదు. వరి కోసం, కొబ్బరి కోసం, పొగాకు కోసం దశాబ్దాలుగా లెక్కిస్తూనే ఉన్నారు. అయితే ఆ లెక్కలు పంటకు చేటు చేసే కొద్ది జాతుల చుట్టూనే తిరిగాయి. అదే దీపానికి వచ్చి పక్కన వాలిన మిగతా వందలాది జాతులను రాసుకున్నవారు తక్కువ. ఆ వెలితి తీర్చడానికి ఇంటి పెరడు చాలు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా ఆత్రేయపురం మండలంలో గౌతమి ఒడ్డున ఉన్న వాడపల్లి వంటి ఊరు అందుకు తగిన చోటు.

పట్టుతో మొదలు

గోదావరి ప్రాంతపు కీటకాలపై యూరోపియన్ల ఆసక్తి 18వ శతాబ్దంలో కనిపిస్తుంది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చాడు. దక్షిణ భారతంలో తిరిగి మొక్కలు, పురుగులు సేకరించి యూరప్ పంపాడు. లిన్నేయస్ మరో శిష్యుడు ఫాబ్రీషియస్ ఆ పురుగుల్లో అనేకం వర్ణించాడు. కోనిగ్ 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసినవాడు విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ కాగితాలు లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉన్నాడు. వాడపల్లికి అట్టే దూరం కాని ఆ ఊళ్ళోనే ఆయన మిరియం, మల్బరీ వంటి పంటలు పెంచి చూశాడు. వృక్షశాస్త్రవేత్తగా ఆయన పేరు అందరికీ తెలుసు. చిమ్మెటలపై ఆయన చేసిన పనికీ అంత గుర్తింపు దక్కాల్సింది. దసలి పట్టు, ఆముదపు పట్టు ఇచ్చే పురుగుల జీవితచక్రాన్ని వర్ణించిన ఆయన వ్యాసం 1804లో లిన్నేయన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. గుడ్డు, గొంగళి, గూడు, రెక్కల పురుగు, అవి తినే ఆకు అన్నీ ఒకేచోట చెప్పడం అందులోని విలువ. ఎండిపోయిన రెక్కలు చూసి పేరు పెట్టడమే పనిగా ఉన్న కాలంలో, పురుగును ప్రాణంతో పెంచి చూడడం అరుదు.

జాబితాల కాలం

తర్వాతి వందేళ్ళలో పని మ్యూజియాలకు చేరింది. కలకత్తా ఇండియన్ మ్యూజియం తరఫున కోట్స్, స్విన్హో కలిసి 1887–89 మధ్య భారతీయ చిమ్మెటల జాబితా వెలువరించారు. నీలగిరిలో తేయాకు తోటలు చూడడానికి వచ్చిన జార్జ్ హాంప్సన్ అక్కడే చిమ్మెటల మోజులో పడ్డాడు. ఇంగ్లండ్ తిరిగి వెళ్ళి 1892–96 మధ్య ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ వరుసలో చిమ్మెటలపై 4 సంపుటాలు రాశాడు. నేటికీ భారతదేశంలో చిమ్మెట పేరు వెతికేవారు ఏదో ఒక దశలో ఈ సంపుటాల దాకా వెళ్ళాల్సిందే. 1937లో బెల్, స్కాట్ రాసిన సంపుటం గద్దలా దూసుకుపోయే పెద్ద చిమ్మెటల కుటుంబానికి, అంటే స్ఫింజిడేకు మాత్రమే కేటాయించారు. ఉత్తర కన్నడ అడవుల్లో పనిచేసిన అటవీ అధికారి బెల్ గొంగళులను ఇంట్లో పెంచి రాసిన వివరాలే దానికి ప్రాణం.

ఈ పుస్తకాల్లో కొండలకు దక్కిన చోటు డెల్టాకు దక్కలేదు. నీలగిరి, సిక్కిం, అస్సాం, సింహళం పేర్లు పదేపదే వస్తాయి. సేకరించేవారు చల్లని కొండలకు వెళ్ళారు, లంకభూములకు రాలేదు.

వరి చేలో దీపం

డెల్టాకు చిమ్మెటల లెక్క వ్యవసాయ శాఖ ద్వారా వచ్చింది. మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణ భారత కీటకాలపై పుస్తకం తెచ్చాడు. టి.వి. రామకృష్ణ అయ్యర్ 1940లో పంట పురుగుల కరదీపిక రాశాడు. రాయలసీమ వేరుశనగ చేలల్లో తొలకరి పడగానే నేలలోంచి లేచే ఎర్ర గొంగళి రెక్కల పురుగులను రాత్రి మంటలు వేసి ఆకర్షించి చంపమన్న సలహా ఆ రోజుల నుంచీ ఉంది. ఒక్క రాత్రిలో గుంపులుగా లేచే పురుగు కాబట్టి మంట పనిచేసింది.

గోదావరి వరికి మొదటి శత్రువు కాండం తొలుచు పురుగు, శాస్త్రీయ నామం సిర్పోఫేగా ఇన్‌సెర్టులాస్. ఆడ పురుగు పసుపు రంగులో ఉండి, ముందు రెక్క ఒక్కోదాని మీద ఒక నల్ల చుక్క ఉంటుంది. మగది చిన్నది, గోధుమ రంగుది. దీపం కింద ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా ఒకే జాతి అని చాలామంది పోల్చుకోరు. ఆకు కొనల మీద గుడ్ల గుంపు పెట్టి దానిపై నూగు కప్పుతుంది. అందుకే నాటేముందు నారు కొనలు తుంచమంటారు. పిలక దశలో మొవ్వ చనిపోతుంది, ఈనిక దశలో తెల్ల కంకి వస్తుంది.

పశ్చిమ గోదావరి మార్టేరులో 1925లో మొదలైన వరి పరిశోధన స్థానం ఈ పురుగు చరిత్రకు కేంద్రం. స్వర్ణ రకం పుట్టింది కూడా ఇక్కడే. 1965లో హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి పథకం ఏర్పడ్డాక, దేశంలోని పలు కేంద్రాలతో పాటు ఇక్కడా దీపపు ఎరలో పడిన పురుగుల లెక్కలు రాస్తూ వచ్చారు. సార్వాలో ఎప్పుడు పెరిగింది, దాళ్వాలో ఎప్పుడు విజృంభించింది అన్నది ఆ అంకెల్లో చదవొచ్చు. ఇంత కాలంగా చిమ్మెటల లెక్క రాసిన చోట్లు తెలుగు నేల మీద అరుదు. వ్యవసాయ రికార్డుగానే కాక ప్రకృతి రికార్డుగా కూడా దాన్ని గౌరవించాలి.

దీపంతో పాటు లింగాకర్షక బుట్టలు వచ్చాయి. ఆడ పురుగు విడిచే వాసనను అనుకరించిన ఎరకు మగవి మాత్రమే వచ్చి పడతాయి. ఈ విజ్ఞానం కూడా పట్టు చిమ్మెట నుంచే మొదలైంది. జర్మన్ శాస్త్రవేత్త బుటెనాంట్ 1959లో లక్షల పట్టు చిమ్మెటల నుంచి తొలిసారిగా అలాంటి రసాయనాన్ని వేరుచేశాడు. ఇప్పుడు వరి రైతుకు ఇచ్చే సూచన తేలికైనదే: ఎకరాకు 3 బుట్టలు పెట్టి, వారానికి బుట్టకు 25–30 మగ పురుగులు పడితే మందు గురించి ఆలోచించాలి. అంటే డెల్టాలో చిమ్మెటలను వారం వారం లెక్కపెట్టే అలవాటు రైతుకు ఇప్పటికే ఉంది.

అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరికి చేసిన సేవ ఇందులో మరో ముఖ్య అధ్యాయం. కొబ్బరి ఆకును కింది నుంచి గీకి తిని, దారాల గూడులో దాక్కునే నల్లతల గొంగళి ఒపిసైనా అరెనోసెల్లా అనే చిన్న బూడిద రంగు చిమ్మెట పిల్ల. నిటారుగా ఎదిగిన కొబ్బరికి మందు కొట్టడం కష్టం. అందుకే గోనియోజస్, బ్రాకన్ అనే పరాన్నజీవి కందిరీగలను ప్రయోగశాలలో పెంచి తోటల్లో వదిలారు. అలాంటి మిత్ర కీటకాలను పెంచడానికి కావలసిన ఆహారం కూడా మరో చిమ్మెటే: ఇళ్ళలో బియ్యం, రవ్వ పట్టే కార్సైరా పురుగు.

దీపాలు, ఎరలు

ఇంగ్లండ్ రోథమ్‌స్టెడ్‌లో సి.బి. విలియమ్స్ 1933 నుంచి ప్రతి రాత్రీ ఎర నడిపి, వాతావరణంతో పురుగుల రాకకున్న సంబంధం చూపాడు. పున్నమి రాత్రుల్లో ఎరలో పడేవి తగ్గుతాయని తేల్చింది ఆయనే. మన పంచాంగం ప్రకారం చెప్పాలంటే అమావాస్యకు ముందూ వెనుకా పది రోజులు నమోదుకు శ్రేష్ఠం. 1950లో రాబిన్సన్ సోదరులు పాదరస ఆవిరి దీపం కింద గరాటు, దాని కింద డబ్బా ఉన్న ఎరను వర్ణించారు. పెరటి నమోదుకారులు ఇప్పటికీ దాని రూపాలనే వాడుతున్నారు. 2003లో ఇంగ్లండ్‌లో మొదలైన తోట చిమ్మెటల పథకం ఇళ్ళవారి వారపు లెక్కలను శాస్త్ర సమాచారంగా మార్చింది. అమెరికా న్యూజెర్సీలో 2012లో మొదలైన జాతీయ చిమ్మెటల వారం ఏటా జూలై చివర్లో జరుగుతుంది. భారతీయులూ అందులో పాల్గొంటున్నారు.

చిమ్మెటలు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయన్న ప్రశ్నకు చంద్రుడిని చూసి దారి పట్టే పురుగు దీపాన్ని చంద్రుడనుకుంటుందని చాలాకాలం చెప్పారు. 2024లో ఫేబియన్, యశ్ సోంధీ తదితరులు వేగవంతమైన కెమెరాలతో చూపించిందేమిటంటే, ఎగిరే పురుగు వెలుతురు వైపు వీపు తిప్పుతుంది. వెలుతురు పైన ఆకాశం నుంచే వస్తే ఆ అలవాటు దాన్ని నిలకడగా ఉంచుతుంది. పక్కన దీపం ఉంటే దాని చుట్టూ చిక్కుకుపోతుంది. ఇది తెలిశాక అనవసరంగా తెల్లవార్లూ దీపం వేసి ఉంచడం సబబు కాదనిపిస్తుంది.

వాడపల్లి పెరడు

వేంకటేశ్వరస్వామి గుడితో, ఏడు శనివారాల మొక్కుతో పేరుపొందిన ఈ ఊరి చుట్టూ కొబ్బరి, అరటి తోటలు, ఇళ్ళ ఆవరణల్లో నందివర్ధనం, గన్నేరు, కరివేపాకు, మునగ, చేమ, తోటకూర ఉండడం కోనసీమకు సహజం. ఈ మొక్కలే నమోదుకు తొలి సూచిక. నందివర్ధనం ఆకు రాత్రికి రాత్రే మాయమైతే, కంటి లాంటి నీలి మచ్చలున్న లావాటి పచ్చ గొంగళి కోసం చూడాలి. అది ఆకుపచ్చ, గులాబి పాలరాయి చారలున్న డాఫ్నిస్ నేరీ పిల్ల. తోటకూర ఆకు ముడుచుకుంటే స్పోలాడియా రికర్వాలిస్. చేమాకు మీద తోక కొమ్ముతో గొంగళి కనిపిస్తే హిపోషియన్ లేదా థెరెట్రా. తిప్పతీగ తిన్న గొంగళి యూడోసిమా మెటర్నా అవుతుంది. నారింజ వెనక రెక్కలున్న ఆ పెద్ద చిమ్మెట రాత్రిపూట బత్తాయి, జామ పండ్లలో నాలుక గుచ్చి రసం పీలుస్తుంది. కుండీలో లిల్లీ మొక్కను తినేది పాలిటెలా గ్లోరియోసే. మునగ మాను మీద గుంపుగా అంటుకునే బొంత పురుగులను చేత్తో ముట్టకూడదు. కొబ్బరి, అరటి ఆకుల మీది ఆకుతేలు కూడా కుడుతుంది.

పెరట్లో ఎర పెట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు. రెండు కొయ్యల మధ్య ఉతికిన తెల్ల పంచె కట్టి, ముందు అతినీలలోహిత ఎల్‌ఈడీ దీపం వేలాడదీస్తే చాలు. వానకాలం ముసురులో దీపానికి గొడుగు తప్పదు. బట్ట మీదకు వచ్చిన పురుగులను ఫోటో తీసి, రెండు మూడు గంటల్లో దీపం ఆర్పేయడం మంచి పద్ధతి. గరాటు ఎర అయితే డబ్బాలో కోడిగుడ్ల అట్టలు పెడతారు, చిమ్మెటలు వాటి గుంటల్లో సర్దుకుని తెల్లవారే దాకా కదలవు. పొద్దున్నే చూసి, నీడగా ఉన్న పొద కింద దులపాలి. బయట వదిలితే పసుల పోలిగాడు, కాకి ఒక్క దాన్నీ మిగలనివ్వవు. ఇంటి గోడ మీద దీపం ఉంటే బల్లులే ముందుగా లెక్క తేల్చేస్తాయి, కాబట్టి గోడకు దూరంగా కట్టాలి. పగటిపూట పూల మీద తుమ్మెదలా గాలిలో నిలిచే మాక్రోగ్లాసమ్‌లు, కందిరీగ వేషంలో ఉండే అమాటాలు దీపం నమోదులో సరిగా రావు. వాటిని పగలే రాసుకోవాలి.

గుర్తింపు, రాత

రంగు కంటే వాలే తీరు నమ్మదగినది. రెక్కలు బల్లపరుపుగా పరిచి గోడకు అంటుకునేవి ఎక్కువగా జామెట్రిడే కుటుంబానివి. ఇంటి కప్పులా వాల్చుకునేవి నాక్టుయిడేలో ఎక్కువ. త్రికోణంగా, సన్నటి పొడవు కాళ్ళతో వాలేవి క్రాంబిడే. ఇవి ముందు ఆనవాళ్ళు మాత్రమే. చాలా జాతుల్లో జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూస్తే గానీ తేలదు. అలాంటప్పుడు కుటుంబం దగ్గరో, ప్రజాతి దగ్గరో ఆగి రాయడం తప్పు కాదు, అదే సరైన రాత. ఊహించి జాతి పేరు పెట్టిన రికార్డు తర్వాత వచ్చేవారిని దారి తప్పిస్తుంది. గొంగళిని దాని ఆకుతో పాటు జాలీ కట్టిన సీసాలో పెంచి, రెక్కలు వచ్చే దాకా చూస్తే గుర్తింపు తేలికవుతుంది. రాక్స్‌బర్గ్, బెల్ ఇద్దరూ నమ్మిన దారి ఇదే. ‘మాత్స్ ఆఫ్ ఇండియా’ వెబ్‌సైటు, ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ ఫోటో పోల్చుకోవడానికి ఉపయోగపడతాయి.

రాయవలసినవి: తేదీ, చోటు, దీపం రకం, వెలిగించిన వేళ, ఆర్పిన వేళ, వాన, గాలి, తిథి, ప్రతి జాతి సంఖ్య. ఏమీ రాని రాత్రిని కూడా రాయాలి. వాడపల్లిలో అయితే ఆ రాత్రి శనివారమా, భక్తుల కోసం వీధుల్లో దీపాలు ఎక్కువగా వెలిగాయా అన్నదీ రాసుకోవడం అవసరం, ఎందుకంటే పక్కన ఎక్కువ వెలుతురుంటే ఎరకు వచ్చేవి తగ్గుతాయి. వీధి దీపాలు పాదరస, సోడియం దీపాల నుంచి ఎల్‌ఈడీకి మారాక పాత లెక్కలను కొత్తవాటితో పోల్చేటప్పుడూ జాగ్రత్త కావాలి, తెల్ల ఎల్‌ఈడీలో అతినీలలోహిత భాగం చాలా తక్కువ.

డెల్టాలో వరి చేలు చాలాచోట్ల చేపల, రొయ్యల చెరువులయ్యాయి. కాండం తొలుచు పురుగు లెక్క మార్టేరులో దొరుకుతుంది. గట్ల మీద గడ్డి తిని, చేను పోతే పోయే మిగతా జాతులు ఎన్నో, చెరువు తవ్వకముందు ఆ పక్క పెరట్లో ఏవి వాలేవో చెప్పడానికి ఏళ్ళ తరబడి ఒకే దీపంతో, ఒకే చోట రాసిన నమోదు పుస్తకాలు కావాలి.