ఆనకట్ట నీరు, పొదుపు రూపాయి

కొత్త వ్యాపారానికి పదిమంది దగ్గరా కొంచెం కొంచెం పోగుచేయడాన్ని ఇవాళ క్రౌడ్‌ఫండింగ్ అంటున్నాం. పేరు కొత్తదే కానీ పని మనకు పాతదే. అయితే అది తెలుగునేలంతటా ఒకేలా సాగలేదు.

1832-33 నాటి డొక్కల కరువు కోస్తాలో గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట లేచాయి. తిండికి పోను గింజలు మిగిలాయి. ఆ మిగులు మొదట భూమిలోకి, వడ్డీలోకి పోయింది. ఆపైన రైసుమిల్లుల్లోకి, చివరికి కంపెనీ వాటాల్లోకి చేరింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. స్వదేశీ ఆవేశం దానికి ఊపిరి పోసిన మాట నిజం. కానీ ఆవేశం ఒక్కటే వాటాలు కొనదు, గాదెలో ధాన్యం ఉండాలి. చక్కెరకు మరో ఊతమూ దొరికింది: విదేశీ చక్కెరపై 1932లో రక్షణ సుంకం పడింది. మరుసటి ఏడే విశాఖ సీమలోని ఏటికొప్పాక చెరకు రైతులు సహకార పద్ధతిలో మిల్లు పెట్టుకున్నారు.

తెలంగాణలో దారి వేరు. అక్కడ పెట్టుబడి సర్కారు ఖజానా నుంచి వచ్చింది. నిజాం ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టింది. ఓరుగల్లు ఆజంజాహీ మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆ తర్వాతివే. జాగీర్ల కింద నలిగిన రైతుకు వాటా కొనే స్తోమత ఎక్కడిది? మాటిమాటికీ కరువు కాటేసిన రాయలసీమలో మిగులు మాట అటుంచి, అప్పు తీరితే చాలన్నట్టుండేది.

మిగులు లేని జనమూ ఊరుకోలేదు. 1956లో తెలంగాణలోని ములుకనూరు రైతులు సహకార బ్యాంకు కట్టుకున్నారు. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు పొదుపులక్ష్మి సంఘాల్లో రోజుకో రూపాయి దాచారు. సర్కారు వాటా, పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు 1995 చట్టం వీలిచ్చింది. దాని కిందే 2000లో ములుకనూరు మహిళల పాల డెయిరీ మొదలైంది. నా దృష్టిలో బందరు బ్యాంకు కంటే ఇదే పెద్ద సాహసం.

ఇక నేటి క్రౌడ్‌ఫండింగ్‌కు వస్తే, ఇంటర్నెట్ ద్వారా జనం నుంచి వాటాల సొమ్ము సేకరించడంపై స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014లో చర్చాపత్రం తెచ్చింది. చిన్న మదుపరికైనా ఏటా కనీసం 10 లక్షల రూపాయల ఆదాయం ఉండాలని అందులో ప్రతిపాదించింది. మోసాల భయం సరైనదే. కానీ ఆ గీత గీస్తే ములుకనూరు పాడిరైతూ, నెల్లూరు పొదుపులక్ష్మీ బయటే నిలబడతారు. ఎప్పుడైనా ఆ నిబంధనలు రాస్తే, రోజుకో రూపాయి దాచేవారికీ అందులో చోటివ్వండి.