ఘాట్ ఎక్కే రైలుకు వెనకాల కూడా ఇంజిన్లు ఎందుకు..? న్యూటన్ సూత్రాలతో అసలు లెక్క ఇదే!

ముంబై నుంచి హైదరాబాద్ వచ్చే రైలు ఎక్కారా..? అయితే కర్జత్ స్టేషన్‌లో రైలు కాసేపు ఆగడం, వెనక నుంచి చిన్న కుదుపు రావడం గమనించే ఉంటారు. ఆ కుదుపు వెనకాల ఇంజిన్లు తగిలించడం వల్ల వచ్చేది. వీటినే బ్యాంకర్ ఇంజిన్లు అంటారు. ముందు అంత పెద్ద ఇంజిన్ ఉండగా వెనక మళ్లీ ఇవెందుకు..? స్కూల్లో చదువుకున్న న్యూటన్ సూత్రాలే దీనికి సమాధానం చెబుతాయి.

37 మీటర్లకు ఒక మీటరు ఎత్తు

కర్జత్ నుంచి లోనావాలా వరకు దాదాపు 28 కిలోమీటర్ల దారి భోర్ ఘాట్. 1863 నుంచి ఇక్కడ రైళ్లు నడుస్తున్నాయి. హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్, కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ముంబై నుంచి వచ్చేటప్పుడు ఈ ఘాటే ఎక్కుతాయి. ఇక్కడ వాలు 37కి 1. అంటే 37 మీటర్లు ముందుకెళ్తే రైలు ఒక మీటరు పైకి లేస్తుంది. రోడ్డు మీద బండికి ఇదో లెక్క కాదు. కానీ ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రాలతో నడిచే రైలుకు ఇది చాలా నిటారు.

లెక్క ఇలా..

అంచనా కోసం ఒక్కోటి 50 టన్నులుండే 20 బోగీల రైలు తీసుకుందాం. మొత్తం 1000 టన్నులు. ముందున్న డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ బరువు 123 టన్నులు. వాలు మీద ఉన్నప్పుడు బరువులో 37వ వంతు రైలును కిందకు లాగుతూ ఉంటుంది. అంటే బోగీలన్నీ కలిసి దాదాపు 265 కిలో న్యూటన్లు, ఇంజిన్ 33 కిలో న్యూటన్లు. మొత్తం 298.

రైలు ఒకే వేగంతో ఎక్కుతుంటే మొదటి సూత్రం వర్తిస్తుంది. వేగం మారడం లేదంటే నికర బలం సున్నా. కాబట్టి పైకి లాగే బలం కూడా సరిగ్గా 298 ఉంటే చాలు. పైకి వెళ్లాలంటే అంతకంటే ఎక్కువ కావాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఎక్కువ బలం కావాల్సింది వేగం పెంచడానికే.

ఇక్కడే రెండో సూత్రం వస్తుంది. ఘాట్ మధ్యలో సిగ్నల్ పడి రైలు ఆగిందనుకుందాం. మళ్లీ కదిలి నిమిషంలో 11 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే సెకనుకు 0.05 మీటర్ల చొప్పున వేగం పెరగాలి. 1123 టన్నులకు దానికి ఇంకో 56 కిలో న్యూటన్లు కావాలి. మొత్తం 354. డబ్ల్యూఏపీ-7 ఇవ్వగలిగే గరిష్ఠ బలం దాదాపు 322 మాత్రమే. రాపిడిని లెక్కలో వేయకముందే పరిస్థితి ఇది. వానలో పట్టాలు తడిస్తే చక్రాలు జారి ఈ 322 కూడా రాదు. అంటే ఆ రైలు ఆగిన చోటే ఆగిపోతుంది.

మరి ముందే రెండు ఇంజిన్లు పెట్టొచ్చుగా..?

బలం సరిపోతుంది కానీ, భారమంతా మొదటి కప్లింగ్ మీదే పడుతుంది. దాని వెనక 20 బోగీలున్నాయి కాబట్టి ఒకే వేగంతో వెళ్తున్నా అక్కడ 265 కిలో న్యూటన్ల లాగుడు ఉంటుంది. రెండో కప్లింగ్ దగ్గర 19 బోగీల భారమే. అలా తగ్గుతూ వచ్చి చివరి కప్లింగ్‌కు ఒక్క బోగీ భారం, దాదాపు 13 మిగులుతుంది. తెగితే ముందు తెగేది ఇంజిన్ పక్కదే.

అదే వెనక ఇంజిన్లు తమ బరువు తాము మోసుకుంటూ సగం భారాన్ని నెడితే లెక్క మారిపోతుంది. మొదటి కప్లింగ్ మీద లాగుడు 265 నుంచి 132కు పడిపోతుంది. ముందు 10 బోగీలను ముందు ఇంజిన్ లాగుతుంది. వెనక 10 బోగీలను బ్యాంకర్లు నెడతాయి. సరిగ్గా మధ్యలో ఉన్న కప్లింగ్‌లో లాగుడూ ఉండదు, నెట్టుడూ ఉండదు!

మూడో సూత్రం ఎక్కడ..?

ఇంజిన్ బోగీని ఎంత బలంతో ముందుకు లాగుతుందో, బోగీ ఇంజిన్‌ను అంతే బలంతో వెనక్కి లాగుతుంది. మరి రైలు కదలడమెలా..? ఇంజిన్ చక్రాలు పట్టాలను వెనక్కి నెడతాయి, పట్టాలు ఇంజిన్‌ను ముందుకు నెడతాయి. రైలును కదిలించేది ఆ పట్టే.

కప్లింగ్ తెగితే..?

నిలబడి ఉన్న బోగీలు విడిపోయి బ్రేకులు పడకపోతే, రాపిడి లేదనుకుంటే ఒక్క నిమిషంలోనే గంటకు దాదాపు 57 కిలోమీటర్ల వేగంతో కిందకు దూసుకొస్తాయి. అందుకే రైలు విడిపోగానే గాలి పైపు తెగి, బోగీలకు బ్రేకులు వాటంతటవే పడే ఏర్పాటు ఉంటుంది. అదుపు తప్పిన రైలును మళ్లించి ఆపేందుకు ఘాట్‌లో క్యాచ్ సైడింగ్‌లు కూడా ఉన్నాయి. వెనకున్న బ్యాంకర్లు మరో అదనపు రక్షణ.

వందే భారత్‌కు ఎందుకు అక్కర్లేదు..?

2023 ఫిబ్రవరిలో మొదలైన ముంబై-సోలాపూర్ వందే భారత్ బ్యాంకర్లు లేకుండానే ఈ ఘాట్ ఎక్కుతుంది. కారణం, అందులో సగం బోగీలకు మోటార్లు ఉంటాయి. బలం రైలంతా పంచుకోవడంతో ఏ ఒక్క కప్లింగ్ మీదా పెద్ద భారం పడదు.

ట్రాక్టర్ వెనక రెండు ట్రక్కులు కట్టి చెరువు గట్టు ఎక్కించినా ఇదే సూత్రం. రెండు ట్రక్కుల భారమూ మోసేది ట్రాక్టర్ హుక్కు పిన్నే. అక్కడ వెనక నుంచి నెట్టే బ్యాంకర్ ఉండదు, విడిపోతే తనంతట తానే పడే బ్రేకూ సాధారణంగా ఉండదు. లోడ్ ఎత్తే ముందు గట్టు ఎక్కేటప్పుడు పిన్ను మీద పడే భారాన్ని కూడా లెక్క వేసుకోవడం మంచిది.