ఇటుకపొడినుండి బూడిద వఱకు

కూలిన గోడ ఏమగును? మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలోని పూర్వులు దీనికి సూటియైన సమాధానమే యిచ్చిరి: దానితోనే మఱొక గోడ లేచును.

పాత దూలములు, తలుపులు వేఱొక యింటి కెక్కెడివి. పాడుపడిన ఊళ్ల పాటిమన్ను చేలకు పోయెడిది. పగిలిన ఇటుకలను, పెంకులను దంచి, ఆ పొడిని సున్నముతో కలిపి, గానుగలో ఎడ్లచేత నూఱించెడివారు. అట్టి డంగుసున్నపు గానుగలను బాల్యమున నేనును చూచితిని. కాలిన మట్టిపొడి సున్నముతో కలిసినచో నీటియందును గట్టిపడును. కావుననే నీరు తగులు కట్టడములకు ఆ గచ్చును కోరి వాడెడివారు.

రోమకులకు ఇదే గుణము గల అగ్నిపర్వతపు బూడిద దొరికినది. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్ది చివర హేరోదు రాజు పాలస్తీనా తీరమున కైసరియా రేవును కట్టించునప్పుడు, ఆ బూడిదను ఇటలీలోని నేపుల్సు ప్రాంతమునుండి ఓడలలో తెప్పించెను. ఒక దేశపు బూడిద సముద్రము దాటి మఱొక దేశమున రేవుగోడ యైనది.

ఇఁక మన కాలపు సంగతి. రామగుండమున 1978లో పునాది పడిన విద్యుత్కేంద్రము 1983 నుండి బొగ్గును కాల్చుచున్నది. మన దేశపు బొగ్గులో ఇంచుమించు మూడవవంతు బూడిదయే. దానిని నీటితో చెఱువులలోనికి పాఱింతురు. అట్టి చెఱువు ఎండినచో బూడిద గాలికి లేచి పొరుగూళ్ల పైరులపైఁ బడును.

ఆ బూడిదయే సిమెంటులో నూటికి 15 మొదలు 35 పాళ్ల వఱకు కలియును. బసంతనగరు సిమెంటు కర్మాగారము రామగుండమునకు చేరువలోనే యున్నది. గోదావరి కావలి దరిని దేవాపురమున సున్నపురాయియు, 1982 నుండి కర్మాగారమును గలవు. ఇటు బూడిద, అటు రాయి. నదికి ఇరుదరులవారికిని బేరమునకు చోటు గలదు.

అయినను బూడిద వెల తక్కువ, బండికూలి యెక్కువ. కేంద్రమునకు 50 కిలోమీటర్ల లోపల ఇటుకలు చేయువారు బూడిద కలుపవలెనని 1999లో ప్రభుత్వము శాసించెను. ఆ మేర 2003లో 100కును, 2016లో 300కును పెరిగెను. 100 కిలోమీటర్ల వఱకు రవాణావ్యయము కేంద్రమే భరింపవలెననియు, అటుపైని సగపాలనియు 2016లో నిర్ణయించిరి. బూడిదను పూర్తిగా వినియోగింపని కేంద్రములకు 2021 డిసెంబరులో పరిహారము విధించిరి.

ఎఱ్ఱ ఇటుకకై పొలములోని పైమన్ను అమ్ముకొన్నవాఁడు రాఁబోవు పంటను గూడ అమ్ముకొనినట్లే. కావున ఊరిలో బడియో, పంచాయతీ గృహమో కట్టునప్పుడు బూడిద ఇటుకల ధరను గూడ విచారింపుఁడు. ఆ బూడిదను మోయు లారీలు గుడ్డ కప్పకుండ మీ వీథిలో పోయినచో ఆపి యడుగుఁడు. లాభము ఒక ఊరికి, దుమ్ము మఱొక ఊరికి చేరునట్టి బేరమును మన పూర్వులు ధర్మమని యొప్పుకొని యుండరు.