నీళ్ళకూ నూనెకూ నడుమ గోరు

వాత్స్యాయనుడు కామసూత్రాల్లో గోటిగుర్తుల మీద ఒక అధ్యాయం రాశాడు. మంచి గోరు ఎలా ఉండాలో అందులో చెప్పాడు: మెరుస్తూ ఉండాలి, మురికి ఉండకూడదు, చీలకూడదు. ఆ వెంటనే దేశాల వారీగా తేడాలు చెబుతూ, గౌడులవి పొడుగు గోళ్ళు, చేతికి అందమిచ్చేవి అన్నాడు. దక్షిణాదివాళ్ళవి పొట్టివి, పనికి ఓర్చేవి అన్నాడు. మహారాష్ట్రులవి రెంటికీ మధ్యరకమట. శృంగారశాస్త్రం రాస్తున్నవాడు కూడా మన గోళ్ళ దగ్గరికి వచ్చేసరికి పని మాట ఎత్తక తప్పలేదు. ఆయన చూపు సరైనదని నా నమ్మకం. గోరు బలం, బలహీనత చాలావరకు ఆ చెయ్యి రోజంతా దేనిలో నానుతోంది, దేనికి రాసుకుంటోంది అన్నదాన్నిబట్టి ఉంటాయి. తమిళనాడులోని హోసూరు సీమలో గోటివైద్యం నడిచిన తోవ చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

మన పాత వైద్యగ్రంథాలు పెళుసుగోరును విడిగా ఒక జబ్బుగా పట్టించుకున్నట్టు కనబడదు. చరకుడు పక్షానికి మూడుసార్లు, అంటే ఐదు రోజులకొకసారి, గోళ్ళు తీసుకోమన్నాడు. సుశ్రుతుడు క్షుద్రరోగాల జాబితాలో గోటికి సంబంధించినవి రెండు చేర్చాడు. ఒకటి చిప్పం, గోటి పక్క మాంసం చీము పట్టి సలపడం, అంటే మన గోరుచుట్టే. రెండోది కునఖం, దెబ్బ తగిలిన గోరు నల్లబడి గరుకుగా మారడం. పాండురోగంలో ఒళ్ళు, కళ్ళతోపాటు గోళ్ళ రంగు కూడా చూడమన్నారు. అంటే వైద్యుడికి గోరు ఒక సాక్షి. లోపల ఏం జరుగుతోందో దాన్ని చూసి చెప్పేవాడు.

వాగ్భటుడి లెక్కలో గోళ్ళు, వెంట్రుకలు ఎముక ధాతువు నుంచి పుట్టే మలాలు. ఈ ఆలోచన ఎంత గట్టిగా నాటుకుందంటే, ఇవాళ్టికీ గోరు విరిగితే "కాల్షియం తక్కువైంది" అని అనని ఇల్లు లేదు. గోటిమీద తెల్లమచ్చ కనిపించినా అదే మాట. నిజానికి గోటిలో కాల్షియం చాలా కొద్ది. గోరు గట్టిగా ఉండేది కెరటిన్ అనే ప్రొటీన్ వల్ల, ఆ ప్రొటీన్ పోగులను గంధకం కలిపి పట్టుకోవడం వల్ల. తెల్లమచ్చలు చాలావరకు ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. గోటిలో ఇంకొకటి ఉంది, నీళ్ళు. ఆరోగ్యమైన గోటిలో నూటికి సుమారు 18 పాళ్ళు నీరుంటుంది. అది బాగా తగ్గితే గోరు పెళుసవుతుంది. మరీ పెరిగితే మెత్తబడి వంగిపోతుంది. అసలు ఇబ్బంది రోజూ పదిసార్లు నానడం, పదిసార్లు ఎండడం. నానినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకుని, తడిసి ఎండిన అట్ట విడిపోయినట్టు గోటి కొస పొరలు పొరలుగా లేస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇది రెట్టింపు కనబడుతుందని చర్మవైద్యులు చెబుతారు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు, ఇంటి నీళ్ళపని ఎవరి చేతుల్లో ఉందో చూస్తే చాలు.

హోసూరు తాలూకా సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురిలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. జిల్లా ఏదైనా ఇంట్లో పని మారలేదు. రాగులు విసరడం, సంగటి కెలకడం, అంట్లు తోమడం, పశువుల పేడ ఎత్తడం. చలికాలం వస్తే అనపకాయలు. పితికిపప్పు చెయ్యాలంటే గింజలు రాత్రంతా నానబెడతారు. పొద్దున ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్ళమధ్య మిగులుతుంది. ఇంటిల్లిపాదికీ పులుసు కావాలంటే రెండు మూడు గంటలు అదే పని. లేచేసరికి వేలికొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి, బొటనవేలి గోరు అంచు మెత్తబడి నల్లగా కమిలి ఉంటుంది. అప్పుడు ఆ గోటితో దేన్ని గీకినా చీలుతుంది. కర్ణాటకలో శిడ్లఘట్ట వైపు పట్టు తీసే ఆడవాళ్ళది ఇంకా కష్టం. పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో వేసి దారం కొస వేళ్ళతో అందుకోవాలి. ఆ చేతులకు గోళ్ళ మాట అటుంచి తోలే మిగలదు. ఈ సీమ మల్బరీ తోటలకూ పట్టుగూళ్ళకూ పేరుపడ్డది కాబట్టి ఆ పట్టుచీరల వెనక చేతుల సంగతి చెప్పకుండా గోళ్ళ చరిత్ర రాయలేను.

ఆ ఇళ్ళలో పుట్టిన వైద్యం ఆ పనికి తగ్గట్టే ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత రోకలి పట్టిన చేతులే కట్టగలవు. గోరుచుట్టు లేస్తే నిమ్మకాయ కొస కోసి, లోపల కాస్త తొలిచి, చిటికెడు పసుపు వేసి వేలికి తొడిగేవారు. సలుపు తగ్గేది. వేలికి దెబ్బ తగలకుండా, పని చెయ్యకుండా ఆపేది కూడా ఆ నిమ్మకాయే, దాని మేలులో సగం అదే అనుకుంటాను. లోపల చీము పట్టాక మాత్రం నిమ్మకాయతో తీరదు, డాక్టరు గాటుపెట్టి తీయాల్సిందే. ఇదే నిమ్మకాయను ఇప్పుడు పెళుసుగోళ్ళకు రోజూ రుద్దమని చెప్పేవాళ్ళున్నారు. అది తప్పు. పులుపు గోటిని ఇంకా ఎండబెడుతుంది, పగుళ్ళలో మంట పుట్టిస్తుంది. వెల్లుల్లి రుద్దడం కూడా అంతే, తోలు కాలుతుంది.

గోరింటాకు కథ వేరు. ఆషాఢం వానల్లో, చేతులు కాళ్ళు బురదలో నానే రోజుల్లో, గోళ్ళకు ముద్ద పెట్టుకోవడం తెలుగు ఇళ్ళ ఆనవాయితీ. ఆకులోని లాసోన్ అనే రంగు కెరటిన్‌ను పట్టుకుని వదలదు. బూజుజాతి సూక్ష్మజీవులను అణచే గుణం దానికి ఉందని ప్రయోగశాలల్లో తేలింది. పుప్పిగోళ్ళు వానాకాలంలోనే ఎక్కువ కాబట్టి మన ఆడవాళ్ళు ఆ నెల ఎంచుకోవడం తెలివైన పనే. రంగు ఎక్కువ పండాలని నిమ్మరసం, టీ డికాక్షన్ బాగా పోస్తే గోరు ఎండుతుంది. నల్లగా పండే కోన్లలో కలిపే రసాయనం తోలుకు పడకపోతే బొబ్బలెక్కిస్తుంది, దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

గోరింటాకు వల్ల ఇంకో మేలు కూడా ఉంది. గోటికి పట్టిన ఎరుపు కడిగితే పోదు, గోటితోపాటు కదులుతుంది. ఆషాఢంలో గోటి మొదట్లో పండిన రంగు సంక్రాంతి దగ్గరపడేసరికి కొసకు చేరుతుంది. అంటే మొత్తం గోరు కొత్తది రావడానికి ఆరు నెలలు. మన ఇళ్ళలో ఏటా కళ్ళముందు జరిగిన ఈ కొలతను అమెరికాలో విలియం బీన్ అనే వైద్యుడు 35 ఏళ్ళు పట్టుదలగా చేశాడు. 1941 నుంచి తన బొటనవేలి గోటి మొదట్లో నెలనెలా గీత గీసి, అది కొసకు ఎప్పుడు చేరుతుందో రాసుకున్నాడు. ముప్పై రెండేళ్ళ వయసులో రోజుకు 0.123 మిల్లీమీటర్లు పెరిగిన గోరు, అరవై ఏడేళ్ళకు 0.095కు తగ్గింది. ఇంట్లో అవ్వ గోళ్ళు నెమ్మదిగా పెరగడం, ఎండిపోయి నిలువుగీతలు పడడం ఆమె వయసుతో వచ్చేవే. ఏ మందైనా వారంలో ఫలితం చూపిస్తుందని ఎవరైనా అంటే నమ్మకూడదు. కంటికి కనిపించే గోరు అప్పటికే చచ్చినది. మేలు జరిగితే మొదట్లో, తోలు కింద జరుగుతుంది, బయటికి రావడానికి నెలలు పడుతుంది.

ఇక నూనె. కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం, వెన్నకాచిన నెయ్యి, ఏది ఉంటే అది. తలంటు రోజున తలకు రాసిన చేత్తోనే గోళ్ళకూ పట్టించేవారు. స్నానం చేశాక మెత్తబడిన గోళ్ళు తీసుకునేవారు, మంగలి ఇంటికి వస్తే అతని చేత తీయించుకునేవారు. ఈ వరుస ఎంత మంచిదో ఇప్పుడు తెలుస్తోంది. ఎండిన గోరు కత్తిరిస్తే చిట్లుతుంది, నానిన గోరు నున్నగా తెగుతుంది. నూనె గోటికి ఆహారం కాదు, లోపలున్న తేమను బయటికి పోనివ్వదు. ఈ ఒక్క పనికోసం ఇప్పుడు అమ్మే క్రీములన్నిటికంటే గూటిలోని నూనెసీసా తక్కువేమీ కాదు. అయితే పాతదంతా మంచిదనీ అనను. అంట్లు బూడిదతో, పీచుతో తోమిన రోజుల్లో ఆ క్షారం గోళ్ళను బాగానే తిన్నది. తర్వాత వచ్చిన సబ్బుపొడులు ఆ పనే ఇంకా త్వరగా చేశాయి.

హోసూరు పక్కన మత్తిగిరిలో 1824లో సైన్యానికి గుర్రాల కోసం ఒక పెద్ద క్షేత్రం ఏర్పాటైంది, తర్వాత అది పశుక్షేత్రంగా మారింది. గుర్రం విలువ గిట్టలో ఉంటుంది. గిట్ట, గోరు రెండూ కెరటినే. ఇవాళ గోళ్ళకని మందులషాపులో అడిగి కొనే బయోటిన్ మాత్ర అసలు ఆ గిట్టల దగ్గర పుట్టిన ఆలోచనే. పందుల గిట్టలు, గుర్రాల గిట్టలు బయోటిన్‌తో గట్టిపడడం చూసి మనుషుల గోళ్ళకు వాడారు. 1989లో స్విట్జర్లాండులో ఫ్లోర్‌షైమ్ అనే పరిశోధకుడు రోజుకు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చి చూశాడు, చాలామందికి గోళ్ళు గట్టిపడ్డాయన్నాడు. ఆ మరుసటి ఏడు ఇంకో బృందం గోరు మందం పాతిక శాతం పెరిగిందని చూపింది. చిన్న పరిశీలనలు, పోల్చడానికి ఉత్తిమాత్రలు ఇచ్చి చూసినవి కావు. కాబట్టి కొందరికి పనిచెయ్యవచ్చు అన్నంతవరకే నేను ఒప్పుకుంటాను. ఒక జాగ్రత్త మాత్రం తప్పక చెప్పాలి. ఎక్కువ బయోటిన్ థైరాయిడ్ పరీక్షనూ, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షనూ తప్పుదారి పట్టిస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. రక్తపరీక్షకు వెళ్ళేటప్పుడు ఈ మాత్ర వేసుకుంటున్న సంగతి డాక్టరుకు చెప్పాలి.

గోళ్ళరంగుల చరిత్ర త్వరగా ముగించవచ్చు. ద్రవరూపంలో సీసాలో అమ్మే గోళ్ళరంగు 1910ల్లో అమెరికాలో క్యూటెక్స్‌తో ఊపందుకుంది, మన దేశంలో 1952లో టాటాల లాక్మే వచ్చింది. రంగు పొర గోటిని కొంత కాపాడుతుంది కూడా. చెరుపు చేసేది దాన్ని తుడిచే అసిటోన్, గోళ్ళు గట్టిపరుస్తామని అమ్మే ఫార్మాల్డిహైడ్ సీసాలు. ఇవి మొదట గట్టిపరిచి, వాడగా వాడగా పెళుసుచేస్తాయి.

1970ల్లో ప్రభుత్వ సంస్థ సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చాక హోసూరు ముఖం మారింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ గడియారాలు, వాటి చుట్టూ వందల చిన్న కార్ఖానాలు. కర్ణాటక హద్దున, అత్తిబెలె ఎదురుగా ఉన్న జూజువాడి రాగిచేల ఊరు నుంచి కార్మికుల వాడగా మారి హోసూరు నగరంలో కలిసిపోయింది. మెషీన్ల మీద పోసే చల్లబరిచే ద్రవాలు, జిడ్డు తుడిచే సాల్వెంట్లు, రోజంతా తొడిగిన రబ్బరు గ్లవ్స్ లోపల చెమట. షిఫ్టు దిగి ఇంటికొస్తే మళ్ళీ బట్టలు, అంట్లు. అవ్వ చేతిని రాగులూ అనపకాయలూ అరగదీస్తే మనవరాలి చేతిని ఈ రెండు షిఫ్టులు అరగదీస్తున్నాయి.

ఈ నీళ్ళ లెక్కకు అందనిది ఒకటుంది, రక్తం. గోరు పల్చబడి, నడుమ గుంటపడి చెంచాలా తయారైతే, దానిమీద నీటిబొట్టు వేస్తే జారకుండా నిలిస్తే, అది ఇనుము లోపానికి గుర్తు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 53.4 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. వీళ్ళకు నూనె రాయమని చెప్పి ఊరుకోవడం ద్రోహమే. మన రాగి ఇక్కడ ఎంతవరకు ఆదుకుంటుంది? హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, ఎముకకు గొప్ప మేలు. ఇనుము అంత లేదు, ఉన్నది కూడా ఒంటికి పూర్తిగా పట్టదు. రాగులు మొలకెత్తించి పిండి పట్టిస్తే బాగా పడుతుంది. సంగటిలోకి మునగాకు, పప్పుధాన్యం, తినేవాళ్ళకు మాంసం ఉండాలి. తిన్న వెంటనే టీ తాగకూడదు.

నీళ్ళ సంగతి ఇంకొకటి. కృష్ణగిరి, ధర్మపురి బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. నల్లగొండ పడ్డ బాధే ఇక్కడా. 2013 నుంచి హొగేనకల్ పథకం కావేరి నీళ్ళు ఇస్తున్నది అందుకే. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ ఎంతో తెలుసుకోవడానికి పరిశోధకులు కత్తిరించిన గోటిముక్కలు పరీక్షిస్తారు. చరకుడి కాలంలోలాగే ఇప్పుడూ గోరు సాక్ష్యం చెబుతోంది.

కాబట్టి చెయ్యాల్సింది పెద్దదేం కాదు. గోళ్ళు పొట్టిగా, స్నానం తర్వాత తీసుకోవాలి. నీళ్ళపనికి లోపల నూలు గ్లవ్స్, పైన రబ్బరువి వేసుకోవాలి. తడి తుడిచిన ప్రతిసారీ, పడుకోబోయే ముందు తప్పకుండా, గోటి మొదట్లో తోలుకు నూనె పట్టించాలి, ఆరు నెలలు ఆగాలి. ఒక్క గోరే పసుపుపచ్చగా మందమెక్కినా, నల్లగీత పడినా, అన్నీ ఒకేసారి గుంటలుపడినా ఇంటివైద్యం ఆపి చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. అలసట, జుట్టు ఊడడం తోడైతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షను పనిచేసేచోట చేతులు కడుక్కునే వసతి ఉండాలంది. జూజువాడి చుట్టుపక్కల కార్ఖానాల్లో ఆ కుళాయి పక్కన సబ్బుతోపాటు ఒక సీసా కొబ్బరినూనె కూడా పెట్టమని కార్మిక సంఘాలు అడగాలి, యజమానులు పెట్టాలి.